జీతానికి బదులు క్రెడిట్టు

మా పక్కింటి అమ్మాయి డిగ్రీ ఆఖరు సంవత్సరం చదువుతోంది. పొద్దున్నే టిఫిన్ డబ్బా సర్దుకుని ఏదో కంపెనీకి వెళ్తుంటే వాళ్ళ బామ్మగారు గుమ్మంలో నిలబెట్టి అడిగారు.

"నెలకి ఎంతిస్తారే?"

"డబ్బులివ్వరు బామ్మా. ఇది ఇంటర్న్‌షిప్. క్రెడిట్లిస్తారు."

"అదేం విడ్డూరమే! మేం కిరాణా కొట్లో క్రెడిట్టు పెట్టి సరుకులు తెచ్చుకునేవాళ్ళం. మీరు పని చేసిపెట్టి మరీ క్రెడిట్టు తెచ్చుకుంటారా?"

అమ్మాయి నవ్వేసి బస్సుకి పరిగెత్తింది. నేనూ నవ్వాను. కానీ ఆ ప్రశ్న నవ్వి వూరుకునేది కాదనిపించింది. పని చేసినవాళ్ళకి ఏమిస్తున్నారు, ఎవరిస్తున్నారు, ఎవరికి ఇవ్వడం లేదు అన్నది ఈ ఇంటర్న్‌షిప్ పుట్టిననాటి నుంచీ వున్న తగాదాయే. నేను బి.ఏ. చదివినదాన్ని. మా రోజుల్లో మమ్మల్ని కాలేజీ గేటు దాటించింది ఎక్స్‌కర్షన్ బస్సు ఒక్కటే, అదీ గోల్కొండ కోట దాకా. అందుకేనేమో, ఈ చరిత్ర చదువుతుంటే ఎవరో పొరుగింటివాళ్ళ కథ వింటున్నంత కుతూహలం కలిగింది నాకు.

ముందు ఆ మాట సంగతి చెప్పాలి. 'ఇంటర్న్' అన్నది ఇంగ్లీషువాళ్ళు ఫ్రెంచివాళ్ళ దగ్గర తెచ్చుకున్న మాట. ప్యారిస్ ఆస్పత్రుల్లో 1802లో పోటీ పరీక్ష పెట్టి, నెగ్గిన వైద్య విద్యార్థుల్ని ఆస్పత్రి లోపలే వుంచి పని నేర్పేవారు. లోపల వుండేవాడు గనక 'అంతేర్న్'. రోజూ వచ్చిపోయేవాడు 'ఎక్స్‌తేర్న్'. మన ఇళ్ళల్లో హౌస్ సర్జన్ అంటే తెలియనివాళ్ళుండరు. "మా వాడు హౌస్ సర్జన్సీ చేస్తున్నాడండీ" అని తల్లులు గర్వంగా చెప్పుకోవడం ఎన్ని పెళ్ళిపందిళ్ళలో వినలేదూ! బి.ఇడి. చదివే ఆడపిల్లలు చార్టులు చుట్టుకుని, లెసన్ ప్లాన్లు రాసుకుని, ఏదో హైస్కూలుకి వెళ్ళి వెనక బెంచీలో లెక్చరర్ కూర్చుని చూస్తుంటే వణుకుతూ పాఠం చెప్పడం కూడా ఆ తానులో ముక్కే. వైద్యానికీ పంతులుద్యోగానికీ అలా పని చేసి నేర్చుకోవడం తప్పదని లోకం ఎప్పుడో వొప్పుకుంది. తగువంతా ఫ్యాక్టరీ దగ్గర వచ్చింది.

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం బొగ్గుగనుల వూళ్ళో 1872లో పుట్టినవాడు హెర్మన్ ష్నైడర్. బెత్‌లెహాం పట్టణంలోని లీహై యూనివర్సిటీలో ఇంజనీరింగ్ చదివి, తర్వాత అక్కడే పాఠాలు చెప్పాడు. ఆ యూనివర్సిటీకి పక్కనే పెద్ద ఉక్కు కర్మాగారం. ఒకనాటి సాయంత్రం ఆయన కాలేజీ ఆవరణలో నడుస్తుంటే ఉక్కు కొలిమి భగ్గుమని మంట ఎగజిమ్మిందనీ, ఆ వెలుగులోనే ఆయనకి ఆలోచన తట్టిందనీ చెప్పుకుంటారు. ఇటుచూస్తే కోట్ల ఖరీదు చేసే యంత్రాలు, అటుచూస్తే అలాంటి యంత్రాల బొమ్మలు నల్లబల్ల మీద గీసి నేర్పే కాలేజీ. మధ్యన ఒక్క గోడ. ఆ గోడకి తలుపెందుకు పెట్టకూడదు?

మహానుభావుల కథల్లో ఇలాంటి మెరుపులు కాస్త ఎక్కువగానే మెరుస్తాయి లెండి. నవలలు రాసేదాన్ని కనక ఆ కిటుకు నాకు తెలుసు. నాకు అంతకంటే నచ్చింది ఆయన చేసిన మరో పని. తన దగ్గర చదువుకుని పైకొచ్చినవాళ్ళు ఎవరెవరా అని ఆరా తీశాడు. వాళ్ళలో ఎక్కువమంది చదువుకుంటూనో, సెలవుల్లోనో ఏదో వొక పని చేసి సంపాదించుకున్నవాళ్ళని తేలింది. ఇంట్లో డబ్బు చాలక పని చేశారు. పని చేసినందువల్ల చదువు వొంటబట్టింది. ఈ సంగతి అనుభవం మీద మన అమ్మమ్మలకీ తెలుసు. వంటల పుస్తకం వల్లెవేసినంత మాత్రాన ఆవకాయ నిలవ వుండదుగా!

లీహైలో ఆయన మాట ఎవరూ చెవిని పెట్టలేదు. 1903లో ష్నైడర్ ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటి యూనివర్సిటీకి మారాడు. ఆ వూరు అప్పట్లో యంత్రాల్ని తయారుచేసే యంత్రాలకి, అంటే లేత్ మిషన్లు, మిల్లింగ్ మిషన్ల వంటి వాటికి, పేరుమోసింది. ఫ్యాక్టరీ యజమానులకి పనివాళ్ళు దొరుకుతున్నారు, ఇంజనీర్లూ దొరుకుతున్నారు, కానీ పనివాడి భాష తెలిసిన ఇంజనీరు దొరకడం లేదు. ష్నైడర్ వాళ్ళ దగ్గరికి వెళ్ళి మాట్లాడాడు. యజమానులు తొందరగానే వొప్పుకున్నారు. తర్జనభర్జన పడింది యూనివర్సిటీ పెద్దలే. చదువుకునే పిల్లాడు చేతులకి గ్రీజు పూసుకోవడమేమిటి, సరస్వతీ మందిరం వర్క్‌షాపు అయిపోదా అని వాళ్ళ బెంగ. చివరికి, సరే, ఒక్క ఏడాది చేసి చూడు, చెడితే మా పూచీ మాత్రం లేదు అన్న ధోరణిలో తీర్మానం చేశారంటారు. బంధువుల్లో కొత్తరకం పెళ్ళికి పెద్దవాళ్ళు ఇచ్చే ఆశీర్వచనం లాగే వుంది కదూ!

1906లో మొదలయింది. ఇరవైఏడుగురు కుర్రాళ్ళు. పన్నెండుమంది మెకానికల్, పన్నెండుమంది ఎలక్ట్రికల్, ముగ్గురు కెమికల్. ఒక్కొక్క ఉద్యోగానికి ఇద్దరేసి కుర్రాళ్ళు జంట. ఈ వారం ఒకడు క్లాసులో వుంటే రెండోవాడు ఫ్యాక్టరీలో. పై వారం అటువాడిటు, ఇటువాడటు. శనివారం నాడు క్లాసులో వున్నవాడు ఫ్యాక్టరీకి వెళ్ళి, తన జంట ఏ పని మీద వున్నాడో, ఎక్కడిదాకా వచ్చిందో చూసుకుని రావాలి. సోమవారం పొద్దున్న యంత్రం ఆగకుండా నడవాలి మరి. తోడికోడళ్ళు వారాల వొంతున వంటిల్లు చూసుకుంటే పోపుడబ్బా ఎక్కడుందో ఒకళ్ళకొకళ్ళు చెప్పుకోరూ, అలాగన్నమాట. ఇంజనీరింగ్ చదువు ఆరేళ్ళు పట్టేది ఈ పద్ధతిలో. అయినా చేరడానికి కుర్రాళ్ళు వెనకాడలేదు. ఎందుకంటే ఫ్యాక్టరీ వాళ్ళకి కూలి కట్టి ఇచ్చేది.

ఇదే బామ్మగారికి నేను చెప్పదలచుకున్న సంగతి. ష్నైడర్ పద్ధతిలో పనికి జీతం వుంది. అది దయాధర్మం కాదు. జీతం ఇస్తేనే ఫోర్‌మన్ పని చెబుతాడనీ, జీతం తీసుకుంటేనే కుర్రాడు వొళ్ళు దాచుకోకుండా చేస్తాడనీ ఆయన నమ్మకం. దానితోబాటు ఇంకో ఫలితం వచ్చింది. నాన్న దగ్గర ఫీజు లేని కుర్రాడు కూడా ఇంజనీరు కాగలిగాడు.

ఆయన చేసిన మరో తెలివైన ఏర్పాటు కో-ఆర్డినేటర్. అంటే ఒక ప్రొఫెసరు. పొద్దున్న ఫ్యాక్టరీకి వెళ్ళి కుర్రాడు ఏ యంత్రం దగ్గర ఏం చేస్తున్నాడో చూసి, ఆ తర్వాత క్లాసులో, "నిన్న నువ్వు బిగించిన ఆ పళ్ళచక్రం అలాగే ఎందుకుండాలో ఇప్పుడు లెక్క కట్టు" అని అడిగే మనిషి. ఆ మనిషి లేకపోతే ఫ్యాక్టరీలో గడిపిన వారం వొట్టి కూలిపని, క్లాసులో గడిపిన వారం వొట్టి వల్లెవేత. రెంటినీ కలిపి కుట్టే సూది ఆయనే. ఈనాడు చాలా కాలేజీలు ఇంటర్న్‌షిప్ పెట్టాయి గానీ ఆ సూదిని ఎక్కడో పారేసుకున్నాయి.

ష్నైడర్ ఆ యూనివర్సిటీకే 1929 నుంచి 1932 దాకా ప్రెసిడెంటుగా చేసి, 1939లో కన్నుమూశాడు. ఈలోగా 1909లో బోస్టన్‌లో, తర్వాత మరెన్నో చోట్ల ఆ పద్ధతి పాకిపోయింది. కెనడాలో వాటర్లూ యూనివర్సిటీ అయితే 1957లో పుట్టడమే ఈ పద్ధతితో పుట్టింది. ఇంగ్లండులో ఇలాంటిదానికి శాండ్‌విచ్ కోర్సు అని పేరు. రెండు రొట్టెముక్కల చదువు మధ్య ఫ్యాక్టరీ అనే కూర. మన పాలిటెక్నిక్కుల్లో మూడున్నరేళ్ళ శాండ్‌విచ్ డిప్లొమా అని విన్నప్పుడల్లా నాకు ఆకలి వేసేది గానీ అర్థం తెలిసేది కాదు.

మరి ఈ క్రెడిట్టు అన్నది ఎక్కడినుంచి వచ్చిపడింది? అదొక వింత. ఉక్కు వ్యాపారంలో అంతులేని డబ్బు గడించిన ఆండ్రూ కార్నెగీ 1905లో కోటి డాలర్లు తీసి, కాలేజీ మేష్టర్లకి పెన్షన్లివ్వమని ఒక సంస్థ పెట్టాడు. ఏ కాలేజీ అసలైన కాలేజీ, ఏది పేరుకి మాత్రమే కాలేజీ అని తేల్చాలి గదా. అందుకని హైస్కూల్లో ఒక సబ్జెక్టు ఏడాదికి ఇన్ని గంటలు చదివితే ఒక యూనిట్ అని కొలత పెట్టి, అన్ని యూనిట్లు వున్నవాళ్ళనే చేర్చుకునే కాలేజీకే పెన్షన్ అన్నారు. పెన్షన్ మీది ఆశతో కాలేజీలన్నీ ఆ కొలత పట్టుకున్నాయి. క్రమంగా కాలేజీ చదువునీ గంటల్లో కొలవడం మొదలెట్టారు. అలా పుట్టి పెరిగింది క్రెడిట్టు. మేష్టరుగారి ముసలితనం కోసం పెట్టిన తూకంరాయి, పిల్లల చదువుని తూచడానికి వచ్చింది. పాలని లీటర్లలో కొలిచినట్టు జ్ఞానాన్ని గంటల్లో కొలవవచ్చునా అని నన్నడిగితే నేను చెప్పలేను. కానీ కొలత అంటూ వచ్చాక కొనడం, అమ్మడం రాకుండా వుంటాయా?

ఇంతవరకూ నేను కుర్రాళ్ళు, కుర్రాళ్ళు అనే రాస్తున్నాను, గమనించారా? సిన్సినాటి ఫ్యాక్టరీలకి మొదట వెళ్ళినవాళ్ళంతా మగపిల్లలే. ఆడపిల్లల కథ చెప్పాలంటే అదే ఒహాయో రాష్ట్రంలో యెల్లో స్ప్రింగ్స్ అనే చిన్న వూరికి వెళ్ళాలి. అక్కడి ఆంటియాక్ కాలేజీ 1853లో తెరిచిన నాటినుంచే మగపిల్లలతో సమానంగా ఆడపిల్లలకి అవే పాఠాలు చెప్పింది. 1920లో ఆర్థర్ మోర్గన్ అనే ఆనకట్టల ఇంజనీరు దానికి ప్రెసిడెంటయ్యాడు. కాలేజీ అప్పటికి మూతపడే స్థితిలో వుంది. ఆయన 1921లో, ఇంజనీర్లకే ఎందుకు, సాహిత్యం చదివేవాళ్ళూ సంగీతం చదివేవాళ్ళూ అందరూ కొన్నాళ్ళు చదువు, కొన్నాళ్ళు బయట ఉద్యోగం చెయ్యాలన్నాడు. నాబోటి బి.ఏ. వాళ్ళని కూడా లెక్కలోకి తీసుకున్న పుణ్యాత్ముడు! ఆఫీసులు, దుకాణాలు, ఆస్పత్రులు, బడులు, అన్నీ తరగతి గదులే అయినాయి.

ఆ కాలేజీలో 1945లో కొరెట్టా స్కాట్ అనే నల్లజాతి అమ్మాయి చేరింది. దక్షిణాన అలబామా పల్లెలో 1927లో పుట్టింది. చిన్నప్పుడు పత్తి ఏరింది. వాళ్ళ నాన్న కష్టపడి ఒక రంపపు మిల్లు పెట్టుకుంటే, తెల్లవాడొకడికి అమ్మనన్నందుకు అది తగలబడిపోయింది. వాళ్ళ అక్క ఈడిత్ అంతకు రెండేళ్ళ ముందే అక్కడ చేరిన నల్లమ్మాయి. ఆ అక్క అడుగుల్లో అడుగేసుకుంటూ వచ్చింది చెల్లెలు. మంచి గొంతు. చదివింది టీచరు చదువు, సంగీతం.

టీచరు చదువు కదా, పాఠాలు చెప్పి తీరాలి. ఒక ఏడాది కాలేజీవారి సొంత బడిలో చెప్పింది. రెండో ఏడాది వూరి ప్రభుత్వ బడిలో చెప్పాలి. ఆ బడిలో నల్లపిల్లలూ తెల్లపిల్లలూ కలిసే చదువుతున్నారు. కానీ టీచర్లు మాత్రం అందరూ తెల్లవాళ్ళే. కొరెట్టాని రానివ్వం అన్నారు బడివాళ్ళు. కావాలంటే దగ్గరి పట్టణం జీనియాలో నల్లపిల్లల బడి వుంది, అక్కడికి వెళ్ళమన్నారు. లేదా మళ్ళీ కాలేజీ బడిలోనే రెండో ఏడూ చెప్పుకోమన్నారు. ఆ అమ్మాయి కాలేజీ ప్రెసిడెంటు దాకా వెళ్ళి అడిగింది. అన్ని ఆదర్శాలు చెప్పే ఆంటియాక్ కూడా ఆమె పక్కన నిలబడలేదు. వేరు చేసిన బడికి మళ్ళీ వెళ్ళడానికా నేను అలబామా వదిలి ఇంత దూరం వచ్చింది అనుకుని జీనియా వెళ్ళనంది. కాలేజీ బడిలోనే చెప్పి చదువు ముగించింది. లెక్క ప్రకారం చేయవలసిన పని చేసినట్టే, డిగ్రీ వచ్చినట్టే. కాగితం మీద ఏ లోటూ కనబడదు.

కానీ లోపల జరగవలసింది జరిగిపోయింది. నల్లవాళ్ళ హక్కుల సంఘంలో చేరింది. 1951లో బోస్టన్‌లో సంగీత కళాశాలకి వెళ్ళింది. అక్కడ పరిచయమైన కుర్రాడు మార్టిన్ లూథర్ కింగ్. 1953లో పెళ్ళి. ఆ తర్వాతి కథ మీకు తెలుసు. ఆయన వెనక నడిచిన భార్య అని లోకం చాలాకాలం రాసుకుంది గానీ, ఆయన పేరైనా వినకముందే ఆవిడ సొంత పోరాటం మొదలయింది. అది మొదలయింది ఒక ప్రాక్టీస్ టీచింగ్ దగ్గర. నేను ఈ వ్యాసానికి కూర్చున్నది నిజానికి ఈవిడ గురించి చదివాకే. విద్యార్థిని పని నేర్చుకోవడానికి పంపించే చోటు బయటి లోకం. బయటి లోకంలో వున్న కుళ్ళంతా అక్కడ ఎదురొస్తుంది. అప్పుడు కాలేజీ ఎవరి పక్క నిలుస్తుందన్నది సిలబస్‌లో రాయరు.

మన దేశానికి వద్దాం. 1961లో అప్రెంటిస్ చట్టం వచ్చింది. ముందు ఐ.టి.ఐ. తరహా పనులు నేర్చేవాళ్ళ కోసం. 1973 సవరణతో ఇంజనీరింగ్ డిగ్రీ, డిప్లొమా వాళ్ళనీ అందులోకి తెచ్చారు. స్టైపెండు ఇవ్వాలని చట్టంలోనే వుంది. అయితే అది చదువు అయిపోయాక. చదువు మధ్యలో, మార్కుల్లో భాగంగా ఫ్యాక్టరీకి పంపడం పెద్ద ఎత్తున చేసి చూపించింది రాజస్థాన్‌లోని పిలానీ. ఎడారి అంచున ఇసుకలో వున్న వూరు. చుట్టుపక్కల ఫ్యాక్టరీ కానరాదు. బిర్లాగారి కాలేజీలు కలిసి 1964లో అది డీమ్డ్ యూనివర్సిటీ అయింది. అమెరికా నుంచి ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బు, ఎమ్.ఐ.టి. సలహాలు వచ్చాయి. సి.ఆర్. మిత్రా డైరెక్టరుగా వుండగా 1973లో 'ప్రాక్టీస్ స్కూల్' మొదలెట్టారు. రెండో సంవత్సరం అయ్యాక వేసవిలో రెండు నెలలు, ఆఖరు సంవత్సరంలో ఐదున్నర నెలలు. మొదటిదానికి 5 యూనిట్లు, రెండోదానికి 20. ఫ్యాక్టరీ దగ్గరకే మేష్టర్నీ పంపి, అక్కడే సెమినార్లు, క్విజ్‌లు, రిపోర్టులు పెట్టి మార్కులు వేసే ఏర్పాటు. అంటే ష్నైడర్ గారి సూది దారం వాళ్ళు పోగొట్టుకోలేదన్నమాట. 2008లో మన హైదరాబాదు శివార్లలో శామీర్‌పేట దగ్గర వాళ్ళ క్యాంపస్ వచ్చింది. ఇంజనీరింగ్ పిల్లలున్న తెలుగు ఇళ్ళల్లో పి.ఎస్. వన్, పి.ఎస్. టూ అన్న మాటలు అత్తెసరు, ఆవపెట్టిన కూర లాగా అలవాటైపోయాయి.

ఇక అమెరికాలో కథ అడ్డం తిరిగిన తీరు చూడండి. ఫ్యాక్టరీలు తగ్గి ఆఫీసులు, సినిమా కంపెనీలు, పత్రికలు పెరిగాయి. అక్కడ ఒక కొలువు దొరకడమే మహాభాగ్యం అనుకునే పిల్లలు వేలల్లో తయారయ్యారు. జీతం ఎందుకు, అనుభవం ఇస్తాం అన్నారు. చట్టం అడ్డొస్తుందేమోనని కాలేజీ క్రెడిట్టు తెచ్చుకో అన్నారు. కాలేజీ క్రెడిట్టు వూరికే ఇవ్వదుగా, ఆ గంటలకి ఫీజు కట్టాలి. ఇప్పుడు లెక్క చూడండి. 1906లో ఫ్యాక్టరీ ఇచ్చిన జీతంతో కుర్రాడు కాలేజీ ఫీజు కట్టాడు. వందేళ్ళ తర్వాత పిల్ల జీతం లేకుండా పనిచేస్తూ, అలా పనిచేసినందుకు కాలేజీకి ఎదురు డబ్బు కడుతోంది. న్యూయార్కులోనో వాషింగ్టన్‌లోనో గది అద్దె, తిండి ఇంటిదగ్గరనుంచి రావాలి. పంపగలిగిన నాన్న వున్నవాళ్ళకే ఆ అనుభవం. పేద పిల్లల కోసం తెరిచిన తలుపే ఎంత మెత్తగా మూసుకుపోయిందో!

2010లో వచ్చిన 'బ్లాక్ స్వాన్' సినిమాకి ఇలాగే జీతం లేకుండా పనిచేసిన ఇద్దరు ఇంటర్న్‌లు 2011లో కోర్టుకెక్కారు. కాఫీలు తేవడం, భోజనాలు తెప్పించడం, చెత్త పారెయ్యడం, కాగితాలు సర్దడం. ఇది చదువా, ఉద్యోగమా అని ప్రశ్న. 2013లో కింది కోర్టు వీళ్ళు ఉద్యోగులే అంది. 2015లో పైకోర్టు ఆ తీర్పు కొట్టేసి, ఇద్దరిలో ఎవరికి ఎక్కువ లాభం జరిగిందో చూడాలంది. చూడవలసిన అంశాల జాబితాలో కాలేజీ క్రెడిట్టు కూడా వుంది. 2016లో రాజీ కుదిరింది. అమెరికా అధ్యక్షుడి ఇంట్లో పనిచేసే ఇంటర్న్‌లకే 2022 దాకా జీతం లేదంటే మిగతావాళ్ళ మాట చెప్పాలా?

మన ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి డిగ్రీ చదువులో పదినెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు. మొదటి ఏడాది తర్వాత పల్లెల్లో సామాజిక సేవ, రెండో ఏడాది తర్వాత రెండు నెలల శిక్షణ, ఆఖర్న ఒక సెమిస్టర్. బి.ఏ. వాళ్ళకీ, బి.కాం. వాళ్ళకీ అందరికీ. ఆర్థర్ మోర్గన్ వింటే సంతోషించేవాడు. నాకూ సంతోషమే. పల్లెటూరి డిగ్రీ కాలేజీ ఆడపిల్ల బ్యాంకులోనో, పత్రికాఫీసులోనో, రైతు సంఘంలోనో ఆరునెలలు కూర్చుని వస్తే ఆమె నడకే మారుతుంది. కానీ బస్సు ఛార్జీ ఎవరిస్తారు? సాయంత్రం ఏడుకి వదిలితే ఇంటికి చేరేదెట్లా? పై అధికారి వంకరగా మాట్లాడితే ఎవరితో చెప్పుకోవాలి? ఇవి తల్లులు అడిగే ప్రశ్నలు. డబ్బిచ్చి సర్టిఫికెట్టు కొనుక్కుంటే తీరిపోయేవి కూడా ఇవే. అలా కొనుక్కోవడం జరుగుతోందని మీరూ వినే వుంటారు. అందుకు పిల్లల్ని తిట్టి ఏం లాభం? పంపేచోట పని చెప్పే మనిషి లేకపోతే, కాలేజీ నుంచి వచ్చి చూసే మేష్టరు లేకపోతే ఇంకేం చేస్తారు?

అమ్మాయి కాలేజీ నుంచి ఇంటర్న్‌షిప్ కాగితం తెచ్చి సంతకం పెట్టమన్నప్పుడు ఒక్క నిమిషం ఆగి చదవండి. స్టైపెండు వుందా, ఎంత, ఎన్ని గంటలు, అక్కడ ఎవరు నేర్పుతారు, కాలేజీ నుంచి ఎవరు వచ్చి చూస్తారు, వాళ్ళ ఫోను నంబరేమిటి అని అడగండి. ఆ కాగితంలో తండ్రి సంతకానికే గళ్ళు వుంటే, పక్కన మీ సంతకం కూడా పెట్టండి.